బాడిగ మిర్చి అడిగితేనే ఆగిపోయే తెర: కాంపోజిట్ ఇండెక్స్‌పై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

గుంటూరు చుట్టుపక్కల మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీల బృందం ఒకదానికి నేను డేటాబేస్ సలహాదారుగా పనిచేసినప్పటి కేసు ఇది. సంస్థను గుర్తుపట్టే వీలు లేకుండా గిడ్డంగుల సంఖ్యను, వాటి నంబర్లను, రికార్డుల లెక్కలను మార్చి రాస్తున్నాను. తర్కం అర్థం కావడానికి అవసరమైన నిష్పత్తులను మాత్రం ఉన్నవి ఉన్నట్లే ఉంచాను.

పన్నెండు గిడ్డంగులకూ కలిపి ఒకే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్, క్లుప్తంగా పోస్ట్‌గ్రెస్) సర్వర్ ఉండేది, వెర్షన్ 13. అందులో అన్నింటికన్నా పెద్దది కదలికల టేబుల్. రైతు సరుకు దించినా, వ్యాపారి కొన్న టిక్కీలు (మిర్చి బస్తాలు) బయటికి వెళ్లినా, ఒక ఛాంబర్ నుంచి ఇంకో ఛాంబర్‌కు మార్చినా అందులో ఒక రికార్డు చేరుతుంది. పాత రికార్డును దిద్దే పద్ధతి అక్కడ లేదు. పొరపాటు జరిగితే దానికి ఎదురు పద్దు కొత్తగా రాస్తారు. ఈ క్రమశిక్షణ తర్వాత మాకు ఎంతగానో ఉపయోగపడింది. నేను చూసేనాటికి ఆ టేబుల్‌లో సుమారు 1.2 కోట్ల రికార్డులు ఉన్నాయి, ఒక్కో గిడ్డంగికి దాదాపు పది లక్షల చొప్పున.

ఈ కేసుకు సంబంధించిన ఇండెక్సులు (రికార్డులను త్వరగా వెతికే సూచికలు) రెండు. ఒకటి గిడ్డంగి, రకం (తేజ, బాడిగ, 334 వంటి మిర్చి రకం) అనే రెండు కాలమ్‌ల మీద కట్టిన కాంపోజిట్ ఇండెక్స్. రెండవది తేదీ మీద మాత్రమే కట్టిన, విలువలను వరుసలో ఉంచే మామూలు బీ-ట్రీ ఇండెక్స్.

వచ్చిన సమస్య

మే నెలలో మిర్చి మార్కెట్ యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాక రైతుల, వ్యాపారుల రాకపోకలన్నీ నేరుగా కోల్డ్ స్టోరేజీల దగ్గరికి మళ్లుతాయి. కౌంటర్ దగ్గర గుమస్తాలు ఎక్కువగా వాడే తెర ‘చివరి కదలికలు’. గిడ్డంగిని, రకాన్ని ఎంచుకుంటే ఆ రెండింటికీ సంబంధించిన తాజా ఇరవై కదలికలు తేదీ వారీగా, కొత్తవి పైన ఉండేలా కనిపించాలి. ఆ తెర కొన్నిసార్లు కళ్లు మూసి తెరిచేలోగా వచ్చేది, కొన్నిసార్లు నలభై సెకన్లు దాటినా వచ్చేది కాదు. రాకపోయేసరికి గుమస్తా మళ్లీ మీట నొక్కేవాడు, అదే క్వెరీ (డేటాబేస్‌కు వేసే ప్రశ్న) రెండోసారి మొదలయ్యేది, మొదటిది ఇంకా నడుస్తూనే ఉండేది. అలా నాలుగైదు పోగుపడితే డిస్కు మీద ఒత్తిడి పెరిగి, దానితో సంబంధం లేని గేట్‌పాస్ తెర కూడా మందగించేది. బయట లారీలు నిలిచిపోయేవి. యాజమాన్యానికి కనిపించింది ఈ చివరి ఫలితమే కాబట్టి, ‘సర్వర్ మొత్తం స్లో అయిపోయింది’ అన్న ఫిర్యాదుతోనే నన్ను పిలిచారు.

అసలు ఆచూకీ ఇచ్చింది కౌంటర్‌లో కూర్చునే గుమస్తా. “సార్, తేజ అడిగితే టక్కున వస్తుందండీ. బాడిగ అడిగితేనే తిరుగుతూ కూర్చుంటుంది,” అన్నాడు. ఒకే తెర, ఒకే క్వెరీ, మారేది విలువ మాత్రమే. మెమొరీ చాలకపోతే, నెట్‌వర్క్ బాగాలేకపోతే ఆ లోపానికి తేజ, బాడిగ అన్న తేడా తెలియదు. విలువను బట్టి వేగం మారుతోందంటే వెతకవలసిన చోటు, క్వెరీని ఏ దారిలో నడపాలో ఎంచుకునే ఆప్టిమైజర్ అంచనాలే అని ఆ మాటతో తేలిపోయింది.

నేను రాకముందు చేసినవి

సాఫ్ట్‌వేర్ సరఫరాదారు సర్వర్ మెమొరీని రెట్టింపు చేయించారు. ఆ తర్వాత వారు పరీక్షించినప్పుడు తెర వేగంగానే వచ్చిందట. వారు ఒకే ప్రశ్నను వెంటవెంటనే అడిగి చూశారు. మొదటిసారి చదివిన పేజీలు (డేటాను డిస్కు నుంచి చదివే ముక్కలు) మెమొరీలోనే ఉంటాయి కనుక రెండోసారి త్వరగా రావడంలో వింత లేదు. మర్నాడు ఉదయం గుమస్తా అడిగినప్పుడు ఆ పేజీలు అక్కడ ఉండవు. అందుకే సమయం కొలవడాన్ని పక్కన పెట్టి, క్వెరీ ఎన్ని పేజీలను తాకుతోందో చూడడం మొదలుపెట్టాను. క్వెరీ ప్లాన్‌ను, అంటే అది నడిచే దారిని చూపే ఎక్స్‌ప్లెయిన్ ఆదేశానికి అనలైజ్, బఫర్స్ అనే రెండు ఎంపికలూ జోడిస్తే ఆ లెక్క దొరుకుతుంది. పేజీ మెమొరీలో ఉన్నా డిస్కు మీద ఉన్నా ఆ మొత్తం మారదు.

ఏడో గిడ్డంగి, బాడిగ రకం విలువలతో ఆ క్వెరీని నడిపితే చిత్రం స్పష్టమైంది. ఆప్టిమైజర్ కాంపోజిట్ ఇండెక్స్‌ను పక్కనపెట్టి తేదీ ఇండెక్స్‌ను ఎంచుకుంది. దాన్ని కొత్త తేదీ నుంచి వెనక్కి చదువుతూ, ప్రతి రికార్డునూ తెరిచి, గిడ్డంగి ఏడు కాకపోయినా రకం బాడిగ కాకపోయినా వదిలేస్తూ పోయింది. ఇరవై రికార్డులు దొరికేసరికి అది వదిలేసిన రికార్డులు 96 లక్షలు.

ఎందుకు అలా ఎంచుకుంది

ఈ ప్రశ్నకు సమాధానం తెలియకుండా దేన్ని మార్చినా అది చీకట్లో రాయి విసరడమే అవుతుంది. అందువల్ల ఆప్టిమైజర్ వేసిన లెక్కను కాగితం మీద మళ్లీ వేశాను.

ఏడో గిడ్డంగి మొత్తం రికార్డుల్లో పన్నెండో వంతు. బాడిగ అన్ని గిడ్డంగుల్లో కలిపి నూటికి ఆరు. ఈ రెండు నిష్పత్తులూ ఆప్టిమైజర్ దగ్గరున్న గణాంకాల్లో సరిగ్గానే ఉన్నాయి. రెండింటినీ గుణించి, 1.2 కోట్లకు వర్తింపజేస్తే 60,000 వస్తుంది. ప్లాన్‌లో కనిపించిన అంచనా అదే. నిజానికి ఏడో గిడ్డంగిలో ఉన్నదంతా దాదాపు తేజయే. బాడిగ రికార్డులు మొత్తం 38, అవీ మూడు సీజన్ల కిందటివి.

గుణించడం అంటే గిడ్డంగికీ రకానికీ సంబంధం లేదని అనుకోవడం. కాలమ్‌లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటాయన్న ఈ ఊహ 1979లో ఐబీఎం సిస్టమ్ ఆర్ అనే డేటాబేస్ ప్రాజెక్టు పరిశోధకులు ప్రచురించిన పత్రం నాటి నుంచి ఆప్టిమైజర్ల పునాదిలో ఉంది. మిర్చి వ్యాపారంలో అది నిలవదు. ఏ వ్యాపారి ఏ గిడ్డంగిలో పెడతాడు, ఆ గిడ్డంగి ఏ ఊళ్ల దారిలో ఉంది, ఆ ఊళ్లలో ఏ రకం వేస్తారు అన్నవన్నీ ఒకదాన్నొకటి నిర్ణయించుకుంటాయి.

ఇక 60,000 అన్న అంచనాతో రెండు దారులనూ పోల్చి చూద్దాం. కాంపోజిట్ ఇండెక్స్ దారిలో వెళితే 60,000 రికార్డులనూ తెచ్చి, తేదీ ప్రకారం పేర్చి, పై ఇరవై తీసుకోవాలి. తేదీ ఇండెక్స్ దారిలో పేర్చే పని లేదు. 1.2 కోట్లలో 60,000 అంటే ప్రతి రెండు వందల రికార్డులకూ ఒకటి తగులుతుందని, ఇరవై కావాలంటే నాలుగు వేల రికార్డులు చదివితే చాలని లెక్క. పైగా రికార్డులు తేదీ వరుసలోనే టేబుల్‌లో చేరుతున్నాయి కనుక ఆ చదవడం కూడా చవకే. ఆ అంకెలు నిజమైతే ఆప్టిమైజర్ నిర్ణయం తప్పు కాదు. 38 రికార్డులను తెచ్చే దారి పక్కనే ఉండగా, ఆ 38ని 60,000గా చూసినందువల్ల అది లక్షల రికార్డుల దారి పట్టింది.

పనిచేయనివి

మొదట గణాంకాల లోతును పెంచి చూశాం. పోస్ట్‌గ్రెస్‌లో ఈ లోతును నిర్ణయించే ‘లక్ష్యం’ అనే సంఖ్య మామూలుగా 100 ఉంటుంది, దానికి 300 రెట్లు, అంటే 30,000 రికార్డుల నమూనా తీసుకుంటుంది. లక్ష్యాన్ని 1000 చేస్తే నమూనా మూడు లక్షలవుతుంది. ఫలితం ఉండదని ముందే అనుమానం ఉన్నా, అక్కడి బృందానికి చూపించడం అవసరమనిపించింది. విడివిడిగా రెండు నిష్పత్తులూ ముందే సరైనవి కాబట్టి, వాటిని ఎంత సూక్ష్మంగా కొలిచినా లబ్ధం మారదు. అంచనా 60,000 దగ్గరే ఉండిపోయింది. లక్ష్యాన్ని మళ్లీ 100కు తెచ్చాం.

తర్వాత సరఫరాదారు బృందంలో ఒకరు పాత చిట్కా ఒకటి సూచించారు. క్వెరీలో తేదీకి బదులు ‘తేదీ కూడిక సున్న’ అని రాసి దాని ప్రకారం పేర్చమంటే, ఆప్టిమైజర్ దాన్ని తేదీ ఇండెక్స్‌తో జోడించలేదు, గత్యంతరం లేక కాంపోజిట్ ఇండెక్స్‌కే వస్తుంది. బాడిగ తెర మిల్లీసెకన్లలో వచ్చింది. కానీ అదే గిడ్డంగిలో తేజ అడిగితే తొమ్మిది లక్షల రికార్డులు చదివి అందులోంచి ఇరవై ఏరవలసి వచ్చింది, అప్పటిదాకా క్షణంలో వచ్చిన తెర సెకన్ల కొద్దీ తీసుకుంది. రోజుకు ఒకటి రెండుసార్లు అడిగే ప్రశ్నను బాగుచేసి, నిమిషానికోసారి అడిగే ప్రశ్నను పాడుచేశాం. ఆ మార్పును ఆ సాయంత్రమే వెనక్కి తీసుకున్నాం.

మూడవది విస్తృత గణాంకాలు. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి క్రియేట్ స్టాటిస్టిక్స్ ఆదేశంతో కాలమ్‌ల మధ్య సంబంధాన్ని నమోదు చేయవచ్చు. ఇందులో రకాలున్నాయి, ఏది ఎంచుకోవాలన్న చోట చాలామంది తొందరపడతారు. ‘డిపెండెన్సీస్’ అనేది ఒక కాలమ్ విలువ తెలిస్తే రెండోది ఎంతవరకు తేలిపోతుందో కొలుస్తుంది. పిన్‌కోడ్, జిల్లా వంటి జంటలకు అది చక్కగా పనికొస్తుంది. అయితే అడిగిన రెండు విలువలూ ఒకదానితో ఒకటి పొసగుతాయని అది ముందే అనుకుంటుంది, అంచనాను పెంచడమే తప్ప తగ్గించదు. పొసగని జంటను అడిగినప్పుడే మనకు నష్టం జరుగుతోంది కనుక, దాన్ని వాడితే 60,000 ఇంకా పెరిగి ఉండేది. అందుకే దాన్ని వదిలి, వెర్షన్ 12లో వచ్చిన ‘ఎంసీవీ’ (మోస్ట్ కామన్ వాల్యూస్) రకాన్ని ఎంచుకున్నాం. అది తరచుగా కనిపించే విలువల జంటలను, వాటి వాటాలతో సహా జాబితాగా దాచుకుంటుంది. జాబితాలోని జంటలే దాదాపు మొత్తాన్ని ఆక్రమిస్తే, జాబితాలో లేని జంటకు మిగిలేది చాలా తక్కువ అని ఆప్టిమైజర్ గ్రహిస్తుంది. ఆదేశం ఇచ్చాక అనలైజ్ నడిపితేనే ఆ జాబితా నిండుతుందని గుర్తుంచుకోవాలి.

ఏడో గిడ్డంగి, బాడిగ అంచనా 60,000 నుంచి కొన్ని వందలకు దిగింది. ఆప్టిమైజర్ తనంతట తానే కాంపోజిట్ ఇండెక్స్‌కు మారింది, తేజకు తేదీ ఇండెక్స్‌నే ఉంచుకుంది. చేతితో నడిపిన పరీక్షలన్నీ బాగున్నాయి. అయినా కౌంటర్ల నుంచి ఫిర్యాదులు పూర్తిగా ఆగలేదు, దానికి రెండు కారణాలు బయటపడ్డాయి.

మొదటిది మూడో గిడ్డంగి, 334 రకం. ఈ జంటకు 80,000 రికార్డులున్నాయి, అంచనా కూడా దాదాపు అంతే చెబుతోంది. కానీ ఆ గిడ్డంగి రెండు సీజన్లుగా 334 తీసుకోవడం మానేసింది, ఉన్నవన్నీ పాత రికార్డులే. ఎన్ని రికార్డులున్నాయో ఆప్టిమైజర్‌కు తెలుసు, అవి కాలక్రమంలో ఎక్కడున్నాయో తెలియదు. మొత్తం కాలమంతా సమానంగా చల్లినట్లు ఉంటాయని అనుకుని మళ్లీ తేదీ ఇండెక్స్ పట్టింది, గత రెండు సీజన్ల రికార్డులన్నీ దాటాక గానీ మొదటిది దొరకలేదు. అంటే అంచనా నిజమైనప్పటికీ ప్లాన్ చెడ్డదే అయింది. ఈ కేసులో నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోచిన ఘట్టం ఇదే, ఎందుకంటే అప్పటివరకు మేమంతా అంచనాను సరిచేస్తే సమస్య తీరుతుందన్న దారిలోనే నడుస్తున్నాం.

రెండవది అప్లికేషన్ క్వెరీని పంపే తీరు. అది ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్, అంటే విలువల చోటు ఖాళీగా ఉంచి ముందే సిద్ధం చేసిన క్వెరీ, వాడుతోంది. మొదటి ఐదుసార్లు సర్వర్ అసలు విలువలను చూసి ప్లాన్ వేస్తుంది, ఆ తర్వాత విలువలతో పనిలేని సాధారణ ప్లాన్ ఒకటి తయారుచేసి, దాని అంచనా ఖర్చు అంతకుముందటి సగటుకన్నా ఎక్కువ కాకపోతే ఇక దానితోనే నడుపుతుంది. విలువలు తెలియనప్పుడు ఎంసీవీ జాబితాకు పని లేదు. పన్నెండు గిడ్డంగులు, పది రకాలు, కాబట్టి జంటకు లక్ష రికార్డులు అన్న మోటు లెక్కే మిగులుతుంది, దానితో తేదీ ఇండెక్సే చవకగా కనిపిస్తుంది. ఆటో ఎక్స్‌ప్లెయిన్ మాడ్యూల్‌తో నెమ్మదైన క్వెరీల ప్లాన్లను లాగ్‌లోకి రాయించినప్పుడు, విలువలు ఉండవలసిన చోట డాలరు గుర్తుతో ఒకటి, రెండు అన్న అంకెలే కనిపించడంతో ఇది నిర్ధారణ అయింది.

పనిచేసినది

ఇక అంచనాల వెంట పడడం ఆపి, ప్రశ్నను తిరగేశాం. ఆప్టిమైజర్ ఎంత తప్పుగా అంచనా వేసినా నష్టం జరగకుండా ఉండాలంటే దాని ముందు ఏ దారులు ఉండాలి?

మొదటి సమాధానం గిడ్డంగి, రకం, తేదీ అన్న మూడు కాలమ్‌ల ఇండెక్స్, సరిగ్గా ఆ వరుసలో. పాత రోజుల్లో ఒక్కో గిడ్డంగికి ఒక్కో చిట్టా పుస్తకం, అందులో రకానికో విభాగం, విభాగంలో తేదీ వారీ పద్దులు ఉన్నట్లు ఊహించుకుంటే చాలు. సరైన విభాగం చివరి పేజీ తెరిచి ఇరవై పద్దులు వెనక్కి చదవడమే పని. ఆ విభాగంలో 38 పద్దులున్నా తొమ్మిది లక్షలున్నా, కొత్తవైనా పాతవైనా శ్రమ ఒకటే. తేదీని ముందు పెడదామన్న సూచన వచ్చింది, కాని అప్పుడు గిడ్డంగి, రకం పద్దులు తేదీల మధ్య చెల్లాచెదురై మొదటికే వస్తాం. సమానం అని అడిగే కాలమ్‌లు ముందు, పేర్చడానికి వాడేది తర్వాత ఉండాలి. గిడ్డంగి, రకాలలో ఏది ముందన్నది ఈ క్వెరీకి పట్టింపు కాదు. గిడ్డంగిని మాత్రమే అడిగే తెరలు ఇంకా ఉన్నాయి కనుక గిడ్డంగిని ముందుంచాం. తేదీని అవరోహణ క్రమంలో పెట్టాలా అని కూడా చర్చ జరిగింది. బీ-ట్రీని వెనక నుంచి కూడా చదవగలరు కనుక ఆ అవసరం లేదు.

ఇండెక్స్ కట్టేటప్పుడు రాతలు ఆగకూడదని కంకరెంట్లీ పద్ధతిలో రాత్రిపూట మొదలుపెట్టాం. అది ఎంతకీ ముగియలేదు. ఆ పద్ధతి అంతకుముందు మొదలైన ట్రాన్సాక్షన్లు (ఒకే విడతగా జరిగే డేటాబేస్ పనులు) ముగిసేదాకా వేచి ఉంటుంది. నడుస్తున్న సెషన్ల జాబితా చూస్తే, ఒక గిడ్డంగి ఆఫీసులో సాయంత్రం ఎవరో రిపోర్టు తెర తెరిచి అలాగే వదిలి ఇంటికి వెళ్లారు, దాని ట్రాన్సాక్షన్ ఖాళీగా తెరిచే ఉంది. వాచ్‌మన్‌కు ఫోన్ చేసి ఆ కంప్యూటర్‌లో ఏ పనీ జరగడం లేదని నిర్ధారించుకున్నాకే ఆ సెషన్‌ను ముగించాం. సగంలో విఫలమైతే చెల్లని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, ప్రతి రాతకూ దాని భారం పడుతూనే ఉంటుంది, కాబట్టి పని ముగిశాక అది చెల్లుబాటు అవుతోందో లేదో చూడడం తప్పనిసరి.

కొత్త ఇండెక్స్ వచ్చాక బాడిగ, తేజ రెండూ కుదిరాయి. మూడో గిడ్డంగి, 334 మాత్రం ఇంకా తేదీ ఇండెక్స్ మీదే నడిచింది. ప్లాన్లు పక్కపక్కన పెట్టి చూస్తే రెండు దారుల అంచనా ఖర్చులూ ఇంచుమించు సమానం, వెంట్రుకవాసి తేడాతో పాతదే గెలుస్తోంది. పోస్ట్‌గ్రెస్ ఒక పేజీని ఎక్కడినుంచో తేవడానికి 4, వరుసగా చదవడానికి 1 అని ఖరీదు కడుతుంది. తిరిగే డిస్కులకు తగిన ఆ నిష్పత్తి ఇక్కడి ఎస్‌ఎస్‌డీలకు సరిపోదు. ఆ 4ను 1.1కు తగ్గించాం, కొత్త ఇండెక్స్ గెలిచింది.

అయినా నాకు తృప్తి కలగలేదు. తేడా స్వల్పంగా ఉన్నంతకాలం, వచ్చే సీజన్‌లో డేటా పెరిగాక ఏ రోజైనా తూకం మళ్లీ అటు మొగ్గవచ్చు. మంచి దారి వేయడంతో పాటు చెడ్డ దారిని మూయాలి. కాని తేదీ ఇండెక్స్‌ను ఊరికే తీసేయలేం, అన్ని గిడ్డంగుల రోజువారీ మొత్తాల రిపోర్టు దాని మీదే నడుస్తోంది. ఆ రిపోర్టుకు కావలసింది ఒక తేదీ నుంచి ఇంకో తేదీ వరకు ఉన్న రికార్డులు మాత్రమే, పేర్చిన వరుస కాదు. అందుకు బ్రిన్ ఇండెక్స్ సరిపోతుంది. అది టేబుల్‌లోని పేజీల గుంపు ఒక్కొక్కదానికీ కనిష్ఠ, గరిష్ఠ తేదీలను మాత్రమే దాస్తుంది, బీ-ట్రీతో పోలిస్తే పరిమాణం అత్యల్పం. రికార్డులు తేదీ వరుసలో చేరి, తర్వాత మారకుండా ఉన్నప్పుడే అది బాగా పనిచేస్తుంది. ఎదురు పద్దుల క్రమశిక్షణ ఉపయోగపడింది ఇక్కడే. దాని అసలు గుణం ఏమిటంటే, అది వరుసను ఇవ్వలేదు కనుక ‘వెనక్కి చదువుతూ ఇరవై ఏరుకుందాం’ అన్న దారి ఆప్టిమైజర్‌కు కనిపించనే కనిపించదు. తేదీ ప్రకారం పేర్చి అడిగే మిగతా క్వెరీలు ఏవైనా ఉన్నాయేమోనని నడిచిన క్వెరీలను నమోదు చేసే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ జాబితా మొత్తం చదివి, లేవని తేల్చుకున్నాక, పాత తేదీ ఇండెక్స్‌ను తీసి బ్రిన్ పెట్టాం.

ఆ తర్వాత మూడో గిడ్డంగి 334తో సహా ఏ జంటను అడిగినా తెర పదుల సంఖ్యలో పేజీలను మాత్రమే తాకింది. సాధారణ ప్లాన్ వాడినా ఫలితం అదే. గిడ్డంగి, రకం అన్న పాత రెండు కాలమ్‌ల ఇండెక్స్ కొత్తదానికి ముందు భాగమే కనుక, దాని వాడకం లెక్క కదలడం లేదని కొంతకాలం గమనించి, దాన్నీ తొలగించాం. సరుకు దించే సీజన్‌లో ప్రతి ఇండెక్స్ రాతల మీద భారమే.

నేర్చుకున్నవి

ఆప్టిమైజర్ తప్పు దారి పట్టినప్పుడు మొదట అంచనాకూ వాస్తవానికీ ఉన్న తేడాను చూడాలన్న సలహా అందరూ ఇస్తారు, అది సరైనదే. కానీ పేర్చి, పై కొన్నింటిని మాత్రమే అడిగే క్వెరీల విషయంలో అది చాలదు. అక్కడ సంఖ్యతో పాటు, రికార్డులు ఆ వరుసలో ఎక్కడ పోగుపడి ఉన్నాయన్నది కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది, ఆ సమాచారం విస్తృత గణాంకాల్లో కూడా లేదు. అందువల్ల అలాంటి తెరలకు నేనిప్పుడు గణాంకాలను రెండో స్థానంలో ఉంచి, ఇండెక్స్ కాలమ్‌ల వరుసను ముందు చూస్తున్నాను. ఎంసీవీ గణాంకాలను మాత్రం తీసేయలేదు, ఆ జంటలతో ఇతర టేబుళ్లను కలిపే రిపోర్టులకు అవి మేలు చేస్తున్నాయి.

పరీక్షించే విలువల ఎంపిక గురించి కూడా గట్టిగా చెప్పాలి. పరీక్ష కోసం ఎవరైనా సహజంగా తేజనే ఎంచుకుంటారు, ఎందుకంటే డేటా ఎక్కువ ఉన్నది దానికే. ఇప్పుడు ఆ బృందం దగ్గర ఉన్న పరీక్షా జాబితాలో నాలుగు జంటలు తప్పనిసరిగా ఉంటాయి: విస్తారంగా ఉన్నది, అతి కొద్దిగా ఉన్నది, దండిగా ఉన్నా పాతబడినది, అసలు లేనిది. ప్రతి జంటనూ ఆరుసార్లకు మించి ఒకే సెషన్‌లో నడిపి, చివరి ప్లాన్‌లో తాకిన పేజీల సంఖ్యను నమోదు చేస్తారు. జనవరిలో కొత్త కాయ రాక మొదలయ్యే ముందు ఒకసారి, మే నెలలో యార్డు మూసే ముందు ఒకసారి ఆ జాబితాను నడపాలని నిర్వహణ పుస్తకంలో రాసి ఇచ్చాను. ఎవరైనా తేదీ మీద మళ్లీ బీ-ట్రీ ఇండెక్స్ కట్టాలని కోరితే, ముందు మూడో గిడ్డంగి 334తో ప్లాన్ చూపించాలన్న షరతు కూడా అందులోనే ఉంది.